పదకొండో మలుపు దగ్గర నీలిగిన్నెలు

పదకొండో మలుపు దగ్గర బండి ఆపిన ప్రతి మనిషీ మేస్త్రీ కంటికి దొంగే. కాళ్ళు చాపుకోవడానికి దిగినవాడైనా అంతే, పిల్లకి వాంతి అవుతోందని దిగిన తల్లైనా అంతే. ముందు చేతులు చూస్తాడు, తర్వాత చెప్పులు చూస్తాడు. చెప్పులకి తడిమట్టి అంటిందంటే రోడ్డు దాటి వాలు ఎక్కారన్నమాట. ఎక్కినవాళ్ళు ఊరికే ఎందుకు ఎక్కుతారు? ఈ ప్రశ్నకి ఆయన దగ్గర ఒకటే జవాబు ఉంది. ఇంకో పది జవాబులు ఉండొచ్చని చెప్పినా వినే చెవి కాదది.

ఆయన ఘాట్ రోడ్డు మేస్త్రీ. కింద చెక్‌పోస్టు నుంచి పైన నీళ్ళ ట్యాంకు దాకా తొమ్మిది కిలోమీటర్లు, పద్దెనిమిది మలుపులు, చేతికింద ఐదుగురు కూలీలు. కాలవల్లో పడ్డ రాళ్ళు తీయించాలి, గుంతలు పూడ్పించాలి, పిట్టగోడలకి సున్నం వేయించాలి, రోడ్డు అంచున గడ్డి కోయించాలి. ముప్ఫై ఏళ్ళుగా ఇదే పని. అసలు పేరు హాజరు రిజిస్టర్లో తప్ప ఇంకెక్కడా వినపడదు. ఎదురుగా మేస్త్రీగారంటారు, వెనకాల అనుమానాల మేస్త్రీ అంటారు. ఆ వెనకాల పేరు సంగతి ఆయనకి తెలుసు. అది పెట్టింది కూలీల్లో పొట్టివాడేనని కూడా నమ్ముతాడు. నిజానికి పెట్టింది ఇంట్లో ఆవిడ.

మనిషి అలాంటివాడే కానీ, వానలు తగ్గుముఖం పట్టిన రెండో వారంలో ఆయన్ని చూడాలి. పొద్దున్నే చేతికర్ర పుచ్చుకుని కింద నుంచి నడక మొదలెడతాడు. మూడో మలుపులో పిట్టగోడ పగుళ్ళలో పసుపుపచ్చ పువ్వులు, ఆరో మలుపులో కాలవ మీదికి వాలిన గులాబీరంగు తీగ, తొమ్మిదో మలుపులో నీళ్ళు కారే బండకి అంటుకుని ఆవగింజంత తెల్లపువ్వులు. ఏ మలుపులో ఏది ముందు విచ్చుతుందో, ఏది వెనకపడుతుందో ఆయనకి నోటికొచ్చు. ఎవరైనా ఎదురుపడి, ఎక్కడికి మేస్త్రీగారూ అంటే, డ్యూటీ అంటాడు.

పదకొండో మలుపుకి వచ్చేసరికి ఆ డ్యూటీ కాస్తా మరిచిపోతాడు. అక్కడ కొండవైపు వాలు మీద నీలిగిన్నెలు పూస్తాయి. పుస్తకాల్లో వాటి పేరేమిటో మనకి తెలీదు. రోడ్డు పనివాళ్ళు పెట్టిన పేరది. బొటనవేలి గోరంత నీలం గిన్నె, లోపల తెల్లటి అడుగు. రాత్రి మంచు ఒక్కో గిన్నెలో ఒక్కో చుక్క నిలుస్తుంది, ఎండ పడేదాకా ఉంటుంది. మేస్త్రీ బండ మీద బోర్లా పడుకుని, గడ్డం మోచేతికి ఆనించి, ఆ చుక్క తాగడానికి వచ్చే చీమని చూస్తాడు. చీమ ఒక్కోసారి జారి లోపల పడి మళ్ళీ ఎక్కుతుంది. ఆయనకి నవ్వొస్తుంది. అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని అప్పుడు నవ్వుతాడు.

ఆ పువ్వులు అక్కడికి వచ్చిన కథ కూడా చెప్పాలి. పద్దెనిమిదేళ్ళ కిందట పెద్ద వానల్లో అక్కడ కొండచరియ విరిగి రోడ్డు మీద పడింది. ఆరు రోజులు బండ్లు ఆగిపోయాయి. మట్టంతా ఎత్తిపోశాక కొండ డొక్క బయటపడింది. ఒట్టి మొరం, రాతిపెళ్ళలు, గుప్పెడు మన్ను లేదు. ఆఫీసువాళ్ళు వచ్చి టేపు పట్టి కొలిచి, ఇక్కడ కాంక్రీటు గోడ కట్టాలని రాసుకుని వెళ్ళారు. గోడ రాలేదు. రెండు వానాకాలాలు గడిచాక ఆ మొరం మీద నీలం చుక్కలు కనపడ్డాయి. మూడో ఏడు వాలంతా నీలమే.

అప్పటినుంచి మేస్త్రీకి ఇంకో ఉద్యోగం మొదలైంది. పై అధికారులు పర్యటనకి వస్తున్నారంటే రోడ్డు అంచు గడ్డి నున్నగా గొరిగించడం ఆఫీసు ఆనవాయితీ. ఆ పర్యటన సరిగ్గా పువ్వులు గింజ కట్టే నెలలో పడేది. గింజ రాలాకే కోత అని మేస్త్రీ పట్టుబట్టాడు. నాలుగేళ్ళు అర్జీ మీద అర్జీ పెట్టాడు. చివరికి విసుగెత్తి, ఆయన చెప్పినట్టే కానివ్వండని సరే అన్నారు. పువ్వులు కోయరాదని బోర్డు పెట్టించాడు. బోర్డు కిందే నిలబడి పువ్వు కోసి చెవిలో పెట్టుకున్న ఒక కొత్తజంటని చెక్‌పోస్టు దాకా వెంటపడి తరిమాడు. ఆ పిల్ల ఏడ్చిందని తర్వాత రెండు రోజులు ఆయనే అన్నం సరిగా తినలేదు, అది వేరే సంగతి.

ఆరేళ్ళ కిందట ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. నీలిగిన్నెలు జానెడు ఎత్తు కూడా లేవలేదు. మేస్త్రీకి ప్రాణం ఉసూరుమంది. ఆకలితో ఉన్న బిడ్డల్ని చూసినట్టే అనిపించింది ఆయనకి. కొండ కింద ఆయన చెల్లెలూ, బావా నర్సరీ నడుపుతారు. అక్కడికెళ్ళి మాగిన పశువుల ఎరువు పది బస్తాలు అడిగాడు. బావ పన్నెండు ఇచ్చి, ట్రాలీ కూడా పంపాడు. మరుసటేడు పువ్వులు మోకాలెత్తు లేచాయి. మేస్త్రీ చెల్లెలింటికి పోయి, బావ చేతులు రెండూ పట్టుకుని ఊపేశాడు. ఏటా వేద్దామన్నాడు. ఏటా వేశారు.

రెండో ఏడు గడ్డి బాగా వచ్చింది. మూడో ఏడు ఇంకా బాగా వచ్చింది. పువ్వులు మాత్రం పలచబడ్డాయి. మేస్త్రీ లెక్కపెట్టడం మొదలెట్టాడు. నాలుగువందల పన్నెండు. వాలంతా నీలంగా ఉన్న చోట నాలుగువందల పన్నెండు ఏమిటి? ఎవడో తవ్వుకుపోతున్నాడు. అదే ఏడు వాలు అడుగున అరచేయంత గుంత ఒకటి కనపడింది. ఏ ముళ్ళపందో వేర్ల కోసం గోకిన గుంత కావచ్చు. ఏ ముళ్ళపందీ అంత గుండ్రంగా గోకదని మేస్త్రీ తీర్మానించాడు.

ఇక చూడండి. పనిముట్ల షెడ్డులో గోడకి వేలాడదీసిన పలక మీద బండ్ల నంబర్లు రాయడం మొదలైంది. బొమ్మలు గీసుకోవడానికి వచ్చే ఒక రిటైరైన టీచరమ్మ గొడుగు విప్పి చూపించాల్సి వచ్చింది. కూలీలు ఇంటికెళ్ళేముందు అన్నం క్యారియర్లు మూత తీసి చూపించాలన్నాడు. పొట్టివాడు క్యారియరు బోర్లించి, "మెతుకులు కూడా లెక్కపెట్టుకోండి మేస్త్రీగారూ" అన్నాడు. అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా? అది ఇంట్లోకి రావాలంటే తలుపు కూడా కొట్టక్కర్లేదు.

ఒక మధ్యాహ్నం ఎరువు కోసం నర్సరీకి వెళ్ళినప్పుడు, షెడ్డు చివర గోనెపట్టా కప్పిన కుండీల వరస కనపడింది. పట్టా ఎత్తబోయాడు. బావ గబగబా వచ్చి చెయ్యి అడ్డం పెట్టాడు.

"వాటి జోలికి పోకు బావా. అవి చూపించేవి కావు."

"మొక్కలమ్ముకునేవాడివి, చూపించని మొక్కలేమిటి?"

"చెప్పానుగా, వద్దని."

అంతే. ఇన్నాళ్ళుగా వెతుకుతున్న దొంగ మేస్త్రీకి ఎదురుగా, చేతులకి మట్టి పూసుకుని మరీ కనపడ్డాడు. కొనుక్కోవడానికి వచ్చిన నలుగురి ముందే గొంతెత్తాడు. "ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పడతాను చూడు" అన్నాడు. బావ మొహం ఎర్రబడింది, ఆ తర్వాత పాలిపోయింది. "పెద్దమాట అన్నావు బావా. నీ అంతట నువ్వు వచ్చి నన్నేదైనా అడిగేదాకా నీతో మాట్లాడను" అని చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు. చెల్లెలు గుమ్మంలో నిలబడిపోయింది. మేస్త్రీ ఆ సాయంత్రమే ఆఫీసుకి అర్జీ రాశాడు. చెక్‌పోస్టు దగ్గర నర్సరీ యజమాని, వరసకి తనకి బావ అయిన మనిషి, నీలిగిన్నెల మొక్కలు అక్రమంగా తవ్వుకుపోతున్నాడని. ఇన్‌వార్డు నంబరు వేయించుకుని రసీదు కూడా తెచ్చుకున్నాడు.

అది జరిగి మూడేళ్ళు. అన్నాచెల్లెళ్ళ మధ్య మాటల్లేవు. వదినా ఆడపడుచులు మాత్రం సంతలో కలుసుకుని గంటల తరబడి మాట్లాడుకునేవాళ్ళు. గొడవ జరిగిన మరుసటేడు ఆ సంతలోంచే ఒక కబురు వచ్చింది. భార్య కూరగాయల సంచీ వంటింటి గట్టు మీద పెట్టి, సింకులో చేతులు కడుక్కుంటూ, వెనక్కి తిరక్కుండానే చెప్పింది.

"మీ చెల్లెలు ఒక మాట చెప్పమంది. వాలు మీద ఎరువు వేయడం మానేయమంది. ఒకసారి వచ్చి నర్సరీ వెనకాల చూసి వెళ్ళమంది."

మేస్త్రీ బుర్రలో చక్రాలు తిరుగుతున్నాయి.

"ఎరువు ఎందుకు మానాలి?"

"నాకేం తెలుసు? చెప్పమంది, చెప్పాను."

"నేను చెప్తాను విను. ఎరువు మానేస్తే ఇక్కడ మొక్కలు చస్తాయి. ఇక్కడ చస్తే వాళ్ళ కుండీల్లో ఉన్నవే మిగులుతాయి. అప్పుడు వాళ్ళు చెప్పిందే వేదం. అర్థమైందా?"

"అయింది. సొంత చెల్లెలు మీ పువ్వుల్ని ఆకలికి మాడ్చి చంపడానికి కుట్ర పన్నింది. టీ పెట్టనా?"

"నర్సరీ వెనకాలకి రమ్మందా? ఎందుకు? నేను అక్కడుంటే ఇక్కడ వాలు దగ్గర ఎవరుంటారు? అదీ వాళ్ళ ఎత్తు."

భార్య టీ పెట్టింది. ఆ ఏడు మేస్త్రీ పాలకేంద్రం వాళ్ళ దగ్గర ఎరువు కొని, పన్నెండు బస్తాల చోట ఇరవైనాలుగు వేయించాడు. వద్దన్న పనిలోనే ఏదో ఉందని అనుమానించేవాడికి ఎవరేం చెప్పి బాగుచేయగలరు?

ఆ ఏడు లెక్క నూటపద్దెనిమిది. తర్వాత ఏడు అరవై ఒకటి.

ఇక్కడ కథలోకి ఇంజనీరు వచ్చింది. కొత్తగా బదిలీ మీద వచ్చిన అమ్మాయి, మాట తక్కువ, ఫైలు ఎక్కువ. పాత కాగితాల్లో పదకొండో మలుపు గోడ ఎస్టిమేటు దొరికింది ఆమెకి. ఇన్నాళ్ళకి మంజూరు కూడా అయింది. కిందటేడు పువ్వుల వేళకి వచ్చి, వాలు ముందు నిలబడి, అరవై ఒక్క నీలిగిన్నెల్నీ, నడుమెత్తు గడ్డినీ చూసింది.

"ఇక్కడ పువ్వులున్నాయి కాబట్టి గోడ వద్దని మీ అర్జీలు పది ఉన్నాయి మేస్త్రీగారూ. నాకు కనిపిస్తున్నది గడ్డి."

"దొంగలు మేడమ్. తవ్వుకుపోతున్నారు."

"వచ్చే ఏడు ఇదే వారం వస్తాను. పువ్వులుంటే గోడ బదులు ఇనుప వల వేసి వదిలేయమని నేనే రాస్తాను. లేకపోతే ఏమని రాయను?"

ఆ ఏడాదంతా మేస్త్రీ మనిషిలా లేడు. ఆదివారాలు కూడా మలుపు దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఒక్కడంటే ఒక్కడు కూడా వాలు ఎక్కలేదు, ఒక్క మొక్క కూడా పోలేదు. ఆయన కళ్ళతో చూసింది అదీ. అయినా ఈ ఏడు సోమవారం పొద్దున లెక్కపెడితే పంతొమ్మిది. మళ్ళీ లెక్కపెట్టాడు. పంతొమ్మిదే. గురువారం ఇంజనీరు వస్తుంది. తను కనిపెట్టుకుని ఉండగా పోయాయంటే ఆ దొంగ మామూలు దొంగ కాదు. సాక్ష్యంతో సహా పట్టుకోవాలి. లేకపోతే ఇన్నేళ్ళ పువ్వులు సిమెంటు కింద పోతాయి.

మంగళవారం మధ్యాహ్నం బావ మొక్కలు వేయడానికి వ్యాను తీసుకుని ఊళ్ళోకి వెళ్ళడం కళ్ళారా చూసి, మేస్త్రీ నర్సరీ వెనకదారి పట్టాడు. ముళ్ళకంచె వంగదీసి లోపలికి దూరాడు. చొక్కా చిరిగింది. దొంగని పట్టడానికి వచ్చినవాడు దొంగలా దూరాల్సి వచ్చిందని ఆయనకి తోచలేదు. నీళ్ళ మోటారు గది దాటాడు, ఖాళీ ట్రేల గుట్ట దాటాడు. నర్సరీ చిట్టచివర, ఎవరూ నడవని మూల, ఏళ్ళ తరబడి పగిలిన కుండీల పెంకులు పోసిన కుప్ప ఉంది. గదంత వెడల్పు, నడుమంత ఎత్తు.

కుప్ప కుప్పంతా నీలంగా ఉంది.

మేస్త్రీ అక్కడే ఆగిపోయాడు. ముందు కోపం కూడా రాలేదు. ఎన్నాళ్ళకో కనపడ్డ సొంత మనుషుల్ని చూసినట్టు కళ్ళు తడి అయ్యాయి. కోపం ఆ తర్వాత వచ్చింది.

"వచ్చావా" అంది వెనకనుంచి చెల్లెలు. చేతిలో నీళ్ళగొట్టం ఉంది, చివర బొటనవేలు అదిమిపెట్టి పట్టుకుంది. "ముందు గుమ్మంలోంచి వస్తావనుకున్నాను. చొక్కా చిరిగింది చూసుకో."

"దొరికారు" అన్నాడు మేస్త్రీ. "నేను అబద్ధం చెప్పానా? ఎవరి కొండ మీద మొక్కలివి?"

"మొక్కలు కాదు అన్నయ్యా, గింజలు. ఒక అగ్గిపెట్టెడు. ఆయన తెచ్చిన మాట నిజమే, నీకు చెప్పకుండా. మొదటేడు ఎరువు వేసినప్పుడు మోకాలెత్తు లేచాయే, ఆ ఏడు తెచ్చాడు. కుండీల్లో వంద మొక్కలు పెంచి నీకు చూపించాలని."

"మరి గోనెపట్టా ఎందుకు కప్పాడు?"

"చచ్చిపోయాయి కాబట్టి. మంచి మట్టీ మంచి ఎరువూ వేసి పెట్టాడు, ఒక్కటి బతకలేదు. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ కుళ్ళిపోయాయి. పాతికేళ్ళుగా నర్సరీ నడుపుతూ ఒక అడవిపువ్వుని బతికించలేకపోయాడని సిగ్గు ఆయనకి. నలుగురి ముందు ఎలా చూపిస్తాడు?"

మేస్త్రీ చెయ్యి చాచి కుప్పని చూపించాడు.

"మిగిలిన గింజలు విసుగొచ్చి ఇక్కడ పారేశాడు. అప్పుడు మొలిచాయి. నీళ్ళు కూడా పోయం. ఈ గొట్టం అటువైపు మొక్కలకి." చెల్లెలు గొట్టం కింద పెట్టింది. "వీటికి తిండి పెట్టకూడదు అన్నయ్యా. పెడితే గడ్డి తింటుంది, గడ్డి లేచి వీటిని తొక్కేస్తుంది. ఆ మాటే వదినతో చెప్పి పంపాను."

"నమ్మను" అన్నాడు.

"నమ్మొద్దు. పీకి చూడు."

మేస్త్రీ వంగి ఒక మొక్క మొదట్లో వేళ్ళు దూర్చి లాగాడు. దారంలాంటి వేరు మూరెడు వచ్చింది. వేరుకి మట్టి లేదు, ఇటుకరంగు పెంకుల పొడి తప్ప. ఇంకొకటి లాగాడు. అదీ అంతే. మన్నూ మొరం సంగతి ఆయనకి ఇంకొకరు చెప్పాలా? ముప్ఫై ఏళ్ళు వాటితోనే బతికాడు. కొండ విరిగిపడిన ఏడు, గుప్పెడు మన్ను లేని చోట ఇవి మొలిచినప్పుడు, ఎందుకు మొలిచాయో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. పువ్వు బాగుంటే చాలనుకున్నాడు. బాగున్నదానికి ఇంకా బాగుండాలని పెట్టాడు, పెట్టాడు, పెట్టాడు.

ఆయన పెంకుల పక్కనే కూలబడ్డాడు. రెండు మొక్కలూ చేతిలోనే ఉన్నాయి.

"కబురు పంపినప్పుడు పన్నెండు బస్తాలు వేస్తున్నాను" అన్నాడు చివరికి. "నువ్వు వద్దన్నావని ఇరవైనాలుగు వేశాను."

చెల్లెలికి నవ్వొచ్చింది, ఆపుకుంది, తర్వాత ఏడుపొచ్చింది. అది మాత్రం ఆపుకోలేదు. "నీ బుద్ధి తెలిసి, రెట్టింపు వేయమని చెప్పి పంపాల్సింది" అంది.

గురువారం పదిగంటలకి ఇంజనీరు జీపు మలుపు దగ్గర ఆగింది. ఆమె దిగి, గడ్డి చూసి, గడ్డిలో అక్కడక్కడ నీలం చూసి, జీపు బానెట్ మీద ఫైలు విప్పింది. మేస్త్రీ టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. మాట్లాడాల్సిన మాటలు రెండు రోజులుగా కూడబలుక్కున్నాడు.

"మీ అర్జీ చూశాను మేస్త్రీగారూ, నర్సరీ మీద పెట్టింది" అంది ఇంజనీరు. "నిజం చెప్పాలంటే మీకు అదొక్కటే దారి. పువ్వులు దొంగలపాలయ్యాయంటే రెండేళ్ళు గడువు అడగొచ్చు. కంచె వేసి, మళ్ళీ పెరుగుతాయేమో చూద్దామని రాస్తాను. ఆ నర్సరీ మనిషి మీద ఒక పోలీసు కంప్లయింటు జతచేయాలి, అంతే. ఖాయంగా ఆయనేనా?"

ఈ మాట మేస్త్రీ రెండు రోజులుగా కూడబలుక్కున్నవాటిలో లేదు. తలెత్తి వాలు వైపు చూశాడు. రెండేళ్ళు. రెండేళ్ళు దొరికితే గడ్డి వేర్లతో సహా పీకించి, ఎరువు పట్టిన పైమట్టంతా పారతో గీకించి, మొరం బయటపెట్టొచ్చు. పువ్వులు తిరిగొస్తాయి. తప్పకుండా వస్తాయి. ఒక్క అవును చాలు. ఆ అవును మూడేళ్ళుగా ఆయన నాలిక చివరే ఉంది, ఊరంతా తిరిగి చెప్పాడు కూడా. అగ్గిపెట్టెడు గింజలు తీసుకోలేదా మరి? పూర్తి అబద్ధం కూడా కాదు.

పంతొమ్మిదిలో ఒకటి గడ్డిపోచల మధ్య కొద్దిగా కనపడుతోంది. దానికేసే చూస్తూ, "దొంగ దొరికాడు మేడమ్" అన్నాడు. "ఆయన కాదు. నేనే."

అంతా చెప్పాడు. ఎరువు సంగతి, బస్తాల లెక్క, కబురు సంగతి, పెంకుల కుప్ప సంగతి. ఇంజనీరు మధ్యలో ఒక్కసారి కూడా అడ్డురాలేదు. అయిపోయాక అడిగింది, "ఆ మట్టి గీకేస్తే ఎన్నాళ్ళకి వస్తాయి?"

"తెలీదు మేడమ్."

"తెలీదని నేను ఫైల్లో రాయలేను మేస్త్రీగారూ. గోడ కట్టాల్సిందే."

మేస్త్రీ తలాడించాడు. ఎదుటి మనిషిని తప్పుపట్టడానికి ఈసారి ఆయనకి ఏమీ దొరకలేదు. జీపు ఎక్కబోతున్న ఇంజనీరుని మళ్ళీ పిలిచాడు.

"గోడ పునాదికి కొండ తవ్వుతారుగా. ఆ రాళ్ళూ మొరం ఎక్కడ పోస్తారు?"

"లోయలో పోయనివ్వను. చోటు మీరే చూపించండి."

"ఏడో మలుపు దగ్గర పాత రోడ్డు ముక్క ఉంది, వాడకంలో లేదు. అక్కడ పోయించండి. పైన మట్టి మాత్రం పరవనివ్వకండి మేడమ్. ఒక్క తట్ట కూడా."

ఇంజనీరు ఫైలు మళ్ళీ విప్పి ఆ మాట రాసుకుంది. తర్వాత, "నర్సరీ మీద మీరు పెట్టిన కాగితం చించడానికి లేదు. ఇన్‌వార్డు నంబరు పడింది. మీరే ఇంకో కాగితం రాసివ్వాలి" అంది.

నెల తిరక్కుండానే, గింజ ముదరకముందే, కంట్రాక్టరు యంత్రం దిగింది. మొదటి బకెట్‌కే ఆ పంతొమ్మిదీ పోయాయి. మేస్త్రీ అక్కడే నిలబడి చూశాడు. పొట్టివాడు పక్కకి వచ్చి నిలబడ్డాడు. కొండ డొక్కలోంచి వచ్చిన రాతిపెళ్ళలు ఇరవై ట్రిప్పులు ఏడో మలుపుకి వెళ్ళాయి. కొండ విరిగిన ఏడు చూసిన మొరమే అది, అదే రంగు, అదే పొడితనం.

ఆ సాయంత్రం మేస్త్రీ ముందు గుమ్మంలోంచి నర్సరీకి వెళ్ళాడు. బావ టొమాటో నారు కట్టలు కడుతున్నాడు. తలెత్తి చూసి మళ్ళీ నారు కట్టుకున్నాడు. మాటంటే మాటే, మేస్త్రీ అడిగేదాకా నోరు విప్పడు. చెల్లెలు కిటికీలోంచి చూస్తోంది. మేస్త్రీ ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారాడు. ఎంతమందిని ఎన్ని అడిగాడు ఈ జన్మలో! బండి నంబరెంత, సంచిలో ఏముంది, అక్కడేం చేస్తున్నావు. అడగడం ఇంత కష్టమని ఎవరూ చెప్పలేదు.

"బావా" అన్నాడు. "గింజలు కావాలి. ఇస్తావా?"

బావ కట్ట ముడివేసి పక్కన పెట్టాడు. "ఎరువు కూడా కావాలా?" అన్నాడు.

మూడేళ్ళ తర్వాత విన్న మొదటి మాట అది. మేస్త్రీ నవ్వబోయాడు, నవ్వు రాలేదు. బావే లేచి వచ్చి భుజం మీద చెయ్యి వేసి, పెంకుల కుప్ప వైపు నడిపించుకుపోయాడు. గింజలు ముదరడానికి ఇంకా మూడు వారాలు ఆగాలని చెప్పాడు. ఆగారు. ఇద్దరూ కలిసి ఏడో మలుపు మొరం మీద చల్లారు. నీళ్ళు చల్లలేదు, మట్టి కప్పలేదు, కంచె వేయలేదు. చల్లి వచ్చేశారు. అంతకంటే కష్టమైన డ్యూటీ తన సర్వీసులో ఎప్పుడూ చేయలేదని మేస్త్రీ ఆ రోజు భార్యతో అన్నాడు.

ఇక మిగిలింది కాగితం. ఇతరుల మీద అర్జీలు కూర్చున్నపళాన రాసే మనిషి, ఈ నాలుగు ముక్కలు రాయడానికి ఒక మధ్యాహ్నమంతా షెడ్డులో కూర్చున్నాడు. మూడు కాగితాలు చించాడు. చివరికి రాసింది ఇది:

"అయ్యా, మూడేళ్ళ కిందట మా బావ మీద నేను పెట్టిన అర్జీ తప్పు. పదకొండో మలుపు దగ్గర నీలిగిన్నెలు పోవడానికి కారణం దొంగలు కాదు, ఆరేళ్ళు నేను వేసిన ఎరువు. వద్దని చెప్పి పంపినా వేశాను. మా బావ నాకు చెప్పకుండా ఒక అగ్గిపెట్టెడు గింజలు తీసుకున్న మాట నిజం. ఈ రోడ్డు మీద ఇప్పుడు మిగిలినవన్నీ ఆ అగ్గిపెట్టెలోవే."